రంగం రేవు నుంచి కువైటు దాకా – మన కోనసీమ వారి 'రెండేళ్ళ' ప్రయాణాలు

మన కోనసీమలో పరదేశం బయలుదేరేవారిని "ఎన్నాళ్ళకు వస్తారండీ?" అని అడిగితే దాదాపు అందరూ చెప్పే జవాబు ఒక్కటే. "ఆయ్, రెండేళ్ళేనండి!" ఆ రెండేళ్ళు నాలుగవుతాయి, నాలుగు పన్నెండవుతాయి. పసిబిడ్డగా వదిలి వెళ్ళిన కూతురి నికాహ్‌కు సెలవు మీద వచ్చి, పట్టుమని పది రోజులుండి మళ్ళీ విమానం ఎక్కిన తల్లులు మన సంఘం కుటుంబాలలోనే ఉన్నారు.

అయినా వారిలో ఎవరూ ఆ దేశంలో స్థిరపడదామని వెళ్ళినవారు కారు. స్థలం కొన్నది ఇక్కడే, ఇల్లు కట్టినది ఇక్కడే, పిల్లలను చదివించినది ఇక్కడే. తిరిగి రావడానికే వెళ్ళడమన్నమాట. ఈ అలవాటు గల్ఫు పెట్రోలుతో మొదలయినదని చాలామంది అనుకుంటారు. కాదు. మన ప్రాంతంలో దీనికి నూరేళ్ళకు మించిన చరిత్ర ఉన్నది. దానిని ఈ సంచికలో కొంత ముచ్చటించదలచాము. పాత సంగతులు తిరగవేస్తూ ఉంటే మాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించినది. ప్రతి కాలంలోనూ పనివారి రక్షణకని ఏదో ఒక చట్టం ఉన్నది. ప్రతిసారీ మనవాళ్ళు ఆ చట్టం గడప బయటే నిలబడ్డారు. కారణం మాత్రం ఒక్కొక్కసారి ఒక్కొక్కటి.

"పచ్చటి కోనసీమ వదిలి పోవలసిన ఖర్మ మీకేమిటండీ?" అని మెట్ట ప్రాంతాల బంధువులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావడంతో వరి పండినది, కొబ్బరి తోటలు పెరిగినవి. నిజమే. కానీ పంట భూమి ఉన్నవాడిది. లేనివాడికి నాట్లప్పుడు పని, కోతలప్పుడు పని, మిగతా నెలలు అరుగు మీద కూర్చోవడం. మనవారిలో కుట్టు మిషను, చిన్న దుకాణం, మాంసం వ్యాపారం, బండి తోలడం, కూలి, వీటి మీద బ్రతికినవారే ఎక్కువ. పచ్చదనం చూడడానికి అందరిదీ, తినడానికి కొందరిదీ.

ఇక రేవు సంగతి. గౌతమికి అవతలి ఒడ్డున యానాం, దానికి దగ్గరలోనే కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసిన పెద్ద రేవు అది. 1839 తుపానులో తీవ్రంగా దెబ్బతిని, మేట వేసి, క్రమంగా తన పెద్దరికాన్ని కాకినాడకు అప్పగించినది. రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అని పిలిచేవారు. ఏ జిల్లా వాడైనా, ఏ మతం వాడైనా అక్కడ కోరంగీయే. ఆ పిలుపులో గౌరవం తక్కువ, ఎగతాళి ఎక్కువ.

రంగూన్‌ను మన పెద్దలు 'రంగం' అనేవారు. "వాడు రంగం పోయాడు" అంటే అప్పులు తీర్చడానికి పోయాడని అర్థం. కాకినాడ, విశాఖపట్నం, గోపాలపురం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగ ఓడలు రంగానికి నడిచేవి. ఎక్కువ మంది గంజాం, విశాఖ జిల్లాల వారు. మన గోదావరి జిల్లా వారి పాలు కూడా చిన్నది కాదు. పై తట్టు మీద చాప పరచుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి తింటూ వెళ్ళేవారు. అక్కడ రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లులలో పని, చేతి రిక్షా లాగడం, దిగువ బర్మాలో వరికోతలు. 1920ల నాటికి ప్రపంచంలో పరదేశీ కూలీలు అత్యధికంగా దిగే రేవులలో రంగూన్ ఒకటి. మనవారికి ఆ ఊరితో మరొక ముడి కూడా ఉన్నది. ఢిల్లీ చివరి బాదుషా బహదూర్ షా జఫర్ 1862లో బందీగా అక్కడే కన్నుమూశారు.

పనికి తీసుకువెళ్ళేది మేస్త్రీ. ఓడ చార్జీ, ఇంటి ఖర్చుకు కొంత రొక్కం, అన్నీ ముందుగా అతడే ఇచ్చేవాడు. కూలివాడు బర్మా నేల మీద కాలు మోపకముందే బాకీ పడేవాడు. మిల్లు యజమాని కూలి డబ్బును మేస్త్రీ చేతికిచ్చేవాడు. మేస్త్రీల నడుమ కూడా పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ అని మెట్లు ఉండేవి. ఒక్కొక్క మెట్టు దగ్గర కొంత కొంత కోత పడి, మిగిలినది కూలివాడికి అందేది. 1933లో ఆండ్రూ అనే అధికారి రంగూన్‌లోని భారతీయ కూలీల మీద ఒక పుస్తకమే వ్రాశారు. రంగూన్‌లో ప్రభుత్వం పక్షాన వలస కూలీల బాగోగులు చూసే ఉద్యోగంలో ఉండి ఈ మేస్త్రీ పద్ధతిని దగ్గరగా చూసినవారాయన. అంతకు ముందే, 1929లో వేసిన విట్లీ కమిషన్ బర్మా కూలీల సంగతి కూడా విచారించి 1931లో నివేదిక ఇచ్చినది. అంటే ఎవరికీ తెలియక జరిగిన అన్యాయం కాదు.

మరి చట్టం లేదా? ఉన్నది. 1922 వలస చట్టం. సింహళం, మలయా వెళ్ళే కూలీలను ఎవరు తీసుకుపోవాలి, ఎలా తీసుకుపోవాలి అని అందులో వ్రాసి ఉన్నది. కానీ ఆ చట్టం దృష్టిలో 'వలస' అంటే బ్రిటిష్ ఇండియా దాటి పోవడం. బర్మా అప్పుడు ఇండియాలో ఒక రాష్ట్రం! సముద్రం దాటినా, భాష మారినా, తిండి మారినా మన కూలివాడు కాగితం మీద దేశం దాటనే లేదు. అందుచేత ఆ చట్టం అతనికి వర్తించలేదు. గడప బయట నిలబడడమంటే ఇదే, మొదటిసారి.

తర్వాత కథ పెద్దలకు తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాము. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవారు తిరిగి పనిలోకి వచ్చేసరికి, మే 26న, ఇద్దరు పేదవాళ్ళ నడుమ గొడవ పుట్టినది. వంద మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఓడ కంపెనీలకు ఏమీ కాలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి వేరయినది. 1938లో మళ్ళీ అల్లర్లు, ఈసారి ముస్లిముల మీద. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినవి. 1942లో సుమారు నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. ఓడలో చోటు దొరకని వారు అరకాన్ కొండల మీదుగా, మణిపురం దారిన కాలినడకన వచ్చారు. దారిలో కలరాతో, ఆకలితో చనిపోయినవారు వేల సంఖ్యలో ఉన్నారు. వచ్చినవారికి ఇక్కడ కూడా నిమ్మళం లేదు. అదే ఏడాది ఏప్రిల్ 6న మన కాకినాడ మీద సైతం బాంబులు పడినవి. యుద్ధం తర్వాత మిగిలిపోయినవారు, తిరిగి వెళ్ళినవారు 1964 ప్రాంతంలో దుకాణాలు జాతీయం కావడంతో కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఆ జ్ఞాపకమే. మన పక్క కొన్ని ఇళ్ళలో రంగం టేకు పెట్టెలు చాలా కాలం ఉండేవి. ఇప్పుడు వాటిలో బియ్యం పోసుకున్నవారూ ఉన్నారు, చెదలకు వదిలినవారూ ఉన్నారు.

ఇక గల్ఫు. నేటి పిల్లలకు ఆశ్చర్యంగా తోచే సంగతి ఒకటి చెబుతాము. కువైటులో 1961 దాకా చెలామణీలో ఉన్నది రూపాయే! కువైటులో చమురు 1938లో బయటపడినది, 1946లో ఎగుమతి మొదలయినది. అప్పట్లో బొంబాయి నుంచి గుమాస్తాలు, వర్తకులు వెళ్ళేవారు. మన పల్లెల దాకా ఆ పిలుపు రావడానికి 1973 యుద్ధం జరగవలసి వచ్చినది. కొద్ది నెలలలోనే పీపా చమురు ధర మూడు డాలర్ల ప్రాంతం నుంచి దాదాపు పన్నెండు డాలర్లకు పోయినది. ఆ డబ్బుతో వాళ్ళు రోడ్లు, రేవులు, ఆసుపత్రులు, మేడలు కట్టడం మొదలుపెట్టారు. కట్టేవాళ్ళు కావాలి. కట్టిన మేడలలో వండేవాళ్ళు, తుడిచేవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు కూడా కావాలి.

మొదట వెళ్ళినవాళ్ళు మగవారు. తాపీ పని, వెల్డింగు, డ్రైవరు, టైలరు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, అమలాపురం పక్క పల్లెల నుంచి పంటు దాటి, బస్సెక్కి, రైలెక్కి బొంబాయి చేరేవారు. అక్కడ ఏజెంటు గదిలో పదిమందితో కలిసి నెలల తరబడి వీసా కోసం కాచుకునేవారు. ఇంటికి ఉత్తరం వ్రాయడం రానివారు క్యాసెట్టులో మాటలు నింపి పంపేవారు. ఇక్కడ ఇంటిల్లిపాదీ టేపురికార్డరు చుట్టూ చేరి వినేవారు. అవతలి మనిషి దగ్గు వినబడితే దాదీ బెంగపడి అన్నం మానేసేది. మేస్త్రీ పేరు మారి ఏజెంటు అయినది, చిన్న మేస్త్రీ సబ్ ఏజెంటు అయ్యాడు. ముందు అప్పు, తర్వాత ప్రయాణం అన్నది మాత్రం మారలేదు. రెండేళ్ళ ఒప్పందంలో మొదటి ఏడాది జీతం అప్పు తీర్చడానికే పోతే, "ఇంకొక్క రెండేళ్ళు" అనక మనిషి ఏమంటాడు?

ప్రభుత్వం వారు 1922 చట్టాన్ని తీసివేసి 1983లో కొత్త వలస చట్టం తెచ్చారు. రిక్రూటింగు ఏజెంటుకు లైసెన్సు ఉండాలి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి కావాలి. పదవ తరగతి చదవనివారి పాస్‌పోర్టుకు ఈ అనుమతి తప్పనిసరి అన్నారు. మంచి చట్టమే. అది మన విమానాశ్రయం దాకా మనిషి వెంట వస్తుంది. అక్కడ దిగిన తర్వాత ఆ దేశపు చట్టమే దిక్కు.

ఆ దేశపు చట్టం ఏమన్నది? కువైటులో ప్రయివేటు రంగ కార్మికుల కోసం 1964లోనే చట్టం ఉన్నది. పని గంటలు, సెలవు, నష్టపరిహారం అన్నీ అందులో ఉన్నవి. ఇళ్ళలో పనిచేసేవారికి మాత్రం ఇది వర్తించదని వ్రాశారు. 2010లో కొత్త చట్టం తెచ్చినప్పుడు కూడా ఆ మినహాయింపు అలాగే ఉంచారు. కంపెనీ వీసాను మనవారు '18 నంబరు' అంటారు, ఇంటిపని వీసాను '20 నంబరు' లేదా ఖాదిం వీసా అంటారు. నంబర్ల తేడా రెండే. కానీ 18కి లేబరు కోర్టు, 20కి కఫీలు దయ. రంగంలో మనవాడు దేశం దాటలేదన్నారు. కువైటులో మన ఆడపడుచు దేశమైతే దాటినది గాని, ఇంటి లోపల చేసేది పని కాదన్నట్టు వదిలేశారు.

ఆడవారు ఒంటరిగా వెళ్ళడం మన సమాజంలో తేలికగా జరిగిన పని కాదు. చాలా ఇళ్ళలో పెద్ద తగాదాలు జరిగాయి. మగవాడికి పని దొరకని చోట ఆడవారికి వీసా వచ్చేది, ఖర్చు కూడా తక్కువయ్యేది. అప్పు ఒత్తిడి మీద గడప దాటినవారే ఎక్కువ. దానికి తోడు 1996 నవంబరు 6 తుపాను. ఆ రాత్రి వెయ్యిమందికి పైగా చనిపోయారు, లెక్కలేనన్ని కొబ్బరి చెట్లు నేలకూలినవి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది. దింపు లేదు, పీచు పని లేదు, అంబాజీపేట సంతలో బేరం లేదు. ఆరేడేళ్ళు పిల్లలు పస్తులుండలేరు గదా. ఆ తర్వాత ఏ వీధిలో చూసినా పాస్‌పోర్టు మాటే.

అంతకు ముందే 1990 వచ్చి ఒక పాఠం చెప్పి పోయినది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులో దిగినది. సుమారు లక్షా డెబ్భై వేల మంది భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాలు 488 విడతలుగా తెచ్చాయి. ఈ ఘనత అందరూ చెబుతారు. తరువాతి సంగతి తక్కువ మంది చెబుతారు. ఐక్యరాజ్యసమితి 1991లో నష్టపరిహార కమిషన్ పెట్టి, ఇరాక్ చమురు డబ్బులోంచి, యుద్ధం వల్ల వెళ్ళిపోవలసి వచ్చినవారికి మనిషికి 2,500 డాలర్లు, వేరే క్లెయిము పెట్టనంటే 4,000 డాలర్లు చొప్పున ఇచ్చినది. దరఖాస్తులు మన ప్రభుత్వం ద్వారానే వెళ్ళాయి. అక్కడ ఉన్నట్టు రుజువు కావాలి. పాస్‌పోర్టు, బతాకా, అకామా ముద్ర. ఇవి తన చేతిలో ఉన్నవారి పని సులువయినది. పాస్‌పోర్టు కఫీలు బీరువాలో ఉండిపోయిన వంటమనిషి ఏమి చూపిస్తుంది?

ఇక మూడవ గడప. దీని గురించి మన పత్రికలలో తక్కువ వస్తుంది కనుక కొంచెం విడమరచి చెబుతాము. 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మరకేష్ నగరంలో దేశాలన్నీ సంతకాలు చేయగా, 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినది. ఇండియా, కువైటు రెండూ మొదటి రోజు నుంచీ సభ్యులే. బియ్యం, బట్టలు, యంత్రాల వంటి సరుకులకే కాక సేవల వ్యాపారానికి కూడా ఒక ఒప్పందం వ్రాసుకున్నారు. దాని పేరు గాట్స్. సేవ నాలుగు దారులలో సరిహద్దు దాటుతుందని అందులో అన్నారు. హైదరాబాదులో గీసిన మేడ ప్లాను కువైటుకు పంపితే ఒకటవ దారి. ఒమాను నుంచి రోగి హైదరాబాదు ఆసుపత్రికి వస్తే రెండవది. ఒక దేశపు బ్యాంకు మరో దేశంలో శాఖ తెరిస్తే మూడవది. సేవ చేసే మనిషే తాత్కాలికంగా వెళ్ళి, చేసి తిరిగి వస్తే నాలుగవది. ఇంగ్లీషులో మోడ్ 4 అంటారు.

తాత్కాలికంగా వెళ్ళి తిరిగి రావడం! ఇది చదివినప్పుడు మాకు మన రాజోలు, అమలాపురం మనుషులే కళ్ళ ముందు మెదిలారు. మనకోసమే వ్రాసినట్టున్నదే అనుకున్నాము. కానీ దానికి ఒక అనుబంధం తగిలించారు. ఒక దేశపు ఉద్యోగాల బజారులో పని కోసం ప్రవేశించేవారికి ఈ ఒప్పందం వర్తించదు, శాశ్వత నివాసానికీ, శాశ్వత ఉద్యోగానికీ వర్తించదు అని. ఉదాహరణకు ఒక భారతీయ కంపెనీ కువైటులో రిఫైనరీ మరమ్మతు కాంట్రాక్టు తీసుకుని తన వెల్డర్లను ఆరు నెలలకు పంపితే అది నాలుగవ దారి. అదే వెల్డరు 18 నంబరు మీద కువైటు యజమాని దగ్గర నేరుగా చేరితే ఆ దారి అతనిది కాదు. ఇక 20 నంబరు ఆడమనిషి మాట ఎత్తనే అక్కరలేదు. పైగా దేశాలు ఈ నాలుగవ దారిలో ఇచ్చిన హామీలు కూడా ఎక్కువగా కంపెనీలో బదిలీ మీద వచ్చే అధికారులకు, వ్యాపార పనుల మీద వచ్చేవారికి, నిపుణులకు ఇచ్చినవే.

మన దేశం ఈ దారి వెడల్పు చేయాలని సమావేశాలలో పట్టుబడుతూనే వచ్చినది. అమెరికా వీసా రుసుములు పెంచితే 2016లో ఆ సంస్థలోనే ఫిర్యాదు కూడా చేసినది. అది తప్పని మేము అనడం లేదు. మన పిల్లలు సైతం కంప్యూటరు ఇంజనీర్లు అవుతున్నారు, అవ్వాలి. కానీ ఒక ఇంట్లో ఇంజనీరు కొడుకు అమెరికా పోతే అది దేశాల మధ్య వ్యాపారం, అతన్ని చదివించడానికి తల్లి కువైటులో వంట చేస్తే అది ఆమె సొంత గొడవ అన్నట్టుంది లెక్క. ఆమె వండబట్టే గదా ఆ ఇంటి యజమానురాలు ఆఫీసుకు వెళుతున్నది!

కువైటులో కొంత మార్పు వచ్చిన మాట చెప్పకపోతే అన్యాయం. 2015లో ఇంటి పనివారి కోసమే 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు 12 గంటలకు మించరాదు, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండరాదన్నారు, పనివారు ఒప్పుకుంటే తప్ప. ఆ 'తప్ప' అన్నదే చిక్కు. తలుపు మూసిన ఇంట్లో ఒప్పుకోనని ఎవరంటారు? 2021 జూన్‌లో రెండు ప్రభుత్వాల మధ్య ఇంటి పనివారి గురించి ఒప్పందం కుదిరినది. 2024లో రెండు నెలల పాటు 20 నుంచి 18కి మారడానికి అవకాశమిచ్చారు.

మన వైపు నిబంధనల వల్ల కూడా చిక్కు ఉన్నది. పదవ తరగతి చదవని ఆడవారికి 30 ఏళ్ళు నిండితే గాని గల్ఫుకు అనుమతి ఇవ్వరు. 2016 నుంచి అటువంటివారిని ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. ఉద్దేశం రక్షణే. కానీ అవసరం వయసు చూసి రాదు. సబ్ ఏజెంటు విజిట్ వీసా తెస్తాడు, అనుమతి అక్కరలేదంటాడు, వేరే దేశం మీదుగా దింపుతాడు. అలా వెళ్ళిన మనిషి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మా కమిటీ ముందుకు వచ్చిన ఒక సంగతితో ముగిస్తాము. కరోనాకు కొన్నేళ్ళ ముందు మాట. కుట్టుపని అని చెప్పి తీసుకువెళ్ళిన ఒక సోదరిని ఇంటిపనిలో పెట్టారు. ఫోను ఆగిపోయినది. ఆమె తల్లిని తీసుకుని మేము కార్యాలయాల చుట్టూ తిరిగాము. ప్రతి చోటా మొదటి ప్రశ్న ఒక్కటే, వీసా నంబరు ఎంత, కఫీలు పేరేమిటి అని. ఆ తల్లి దగ్గర ఉన్నది కూతురి ఫొటో, ఏజెంటు రాసిచ్చిన చీటీ మీద ఒక ఫోను నంబరు, అంతే. కఫీలు పేరు కనుక్కోవడానికే నాలుగు నెలలు పట్టినది. చివరకు ఆమె తిరిగి వచ్చారు. జీతం బాకీ మాత్రం రాలేదు.

అప్పటి నుంచి మన సంఘం కార్యాలయంలో ఒక ఫైలు పెట్టాము. గల్ఫు వెళ్ళే సభ్యులు పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా కాగితం, ఒప్పందం ఉంటే ఒప్పందం, ఏజెంటుకు ఇచ్చిన డబ్బు రసీదు, వీటి నకళ్ళు ఒక్కొక్కటి ఇచ్చి వెళ్ళవలసినదిగా కోరుతున్నాము. ఇప్పటికే అక్కడ ఉన్నవారు బతాకా ఫొటో తీసి పంపినా చాలును. కుటుంబ సభ్యులు కాక ఇతరులు అడిగితే చూపించము.